గ్రహణం రోజు ఉల్లిపాయ కోశాను

ప్రశ్న: నాకు ఆరో నెల. పోయిన నెల గ్రహణమని తెలియక ఉల్లిపాయలు కోశాను. బిడ్డకి మొర్రి వస్తుందేమోనని అప్పటినుంచీ అత్తయ్యకి దిగులు, నాకు నిద్ర లేదు. హిమోగ్లోబిన్ 9 ఉందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. వాటితో బిడ్డ నల్లగా పుడుతుందంటూ అత్తయ్య కుంకుమపువ్వు పాలు తాగిస్తున్నారు. మాత్రలు ఆపేశాను. తప్పా మేడమ్?
– ఒక సోదరి, మిర్యాలగూడ

జవాబు: ముందు ఉల్లిపాయ సంగతి చూద్దామమ్మా. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం. మధ్యాహ్నం మూడు దాటాక పట్టపగలే చీకటి. రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు ఆకాశం చూస్తుంటే, అక్కడికి దగ్గర్లోనే మా ఇంట్లో, ఏడో నెల కడుపుతో ఉన్న అమ్మని తలుపులు మూసిన గదిలో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టారు. కదలకూడదు, మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ఆ కడుపులో ఉన్నది నేనే. ఇంతా చేస్తే మోచేతి మీద రూపాయి బిళ్ళంత మచ్చతో పుట్టాను. "గ్రహణంలో నువ్వే గోక్కుని ఉంటావు" అంది నాయనమ్మ అమ్మతో. ఆ మాట ఎత్తితే అమ్మకి ఇప్పటికీ కోపం.

పైపెదవి కలుసుకునేది రెండో నెలలోనే. నువ్వు కత్తి పట్టేసరికి నీ బిడ్డది ఎప్పుడో కుదిరిపోయింది. మనవాళ్ళు దానికి గ్రహణం మొర్రి అని పేరే పెట్టేశారు, ఇక భయం ఎక్కడికి పోతుంది! ఐదో నెల స్కానింగ్ రిపోర్టు చూపించి డాక్టర్‌ని అడుగు.

నాకు కంగారు పుట్టించింది మాత్రలు ఆపేశానన్న మాట. గర్భిణికి హిమోగ్లోబిన్ కనీసం 11 ఉండాలి. ఇవాళే మళ్ళీ మొదలుపెట్టు. 20 ఏళ్ళుగా ఏఎన్ఎం నర్సుని. ఒకింట్లో తులసికోటలో ఎర్ర మాత్రలు నానిపోయి కనిపించాయి. ఆ పిల్ల నెలనెలా "వేసుకుంటున్నా మేడమ్" అనేది. బిడ్డ రంగు మీ ఇద్దరి పోలిక. మాత్రతో నల్లబడేది విరేచనం ఒక్కటే.

పాలు కాదనకు. మాత్ర మాత్రం వాటితో మింగకు. పాలు, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రెండు గంటలు ఎడం ఉంచి నిమ్మరసంతో వేసుకో. వికారంగా ఉంటే రాత్రి అన్నం తిన్నాక.

అత్తయ్యతో వాదన వద్దు. వచ్చే చెకప్‌కి ఆవిడనే వెంట తీసుకెళ్ళు. కాన్పులో రక్తం పోతే 9తో ఏమవుతుందో డాక్టర్ చేతే చెప్పించు. మధ్యలో మాత్రలు ఆపిన సంగతి మాత్రం దాచకు.