మెటర్నిటీ లీవ్ నుంచి వచ్చాక చెప్పుకోదగ్గ పని ఇవ్వట్లేదు. ఐటీలో ఆడవాళ్లు ముందుకెళ్లాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్నను రెండు ముక్కల్లో చెప్పి మొదలుపెడతాను. హైదరాబాద్‌లో ఏడేళ్లుగా డెవలపర్‌గా చేస్తున్నారు. లీవ్ అయ్యాక తిరిగొస్తే మీ మాడ్యూల్ వేరేవాళ్ల చేతికి వెళ్లింది. మీకు స్టేటస్ రిపోర్టులు, టెస్ట్ డేటా, డాక్యుమెంటేషన్ మిగిలాయి. రేటింగ్ అంతంతమాత్రం. అందరూ మర్యాదగానే ఉన్నారు, అందుకే ఎవరి మీద కంప్లయింట్ చేయాలో తెలియట్లేదు. రాజీనామా చేయాలా, ఓపిక పట్టాలా అన్నది మొదటి ప్రశ్న. మీ మేనేజర్ ఆడవాళ్ల కోసం ఆఫీసులో పెడతానంటున్న గ్రూప్ వల్ల ఉపయోగం ఉంటుందా అన్నది రెండోది.

నేను పదహారేళ్లుగా ఈ ఫీల్డ్‌లో ఉన్నాను. మీరిప్పుడు కూర్చున్న చోట నేనూ కూర్చున్నాను. కొన్నేళ్లుగా రేటింగులు ఖాయం చేసే గదిలో కూడా కూర్చుంటున్నాను. రెండు వైపులా చూశాక నాకు తేలిందేంటంటే, మనల్ని వెనక్కి లాగే వాటిలో అన్నిటికన్నా పెద్దది జాలి. దురుసుగా మాట్లాడేవాడితో పోట్లాడొచ్చు, హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టొచ్చు. మన మంచి కోరి మన పని తీసేసేవాడిని ఏం చేస్తాం?

ఆ గదిలో ఏం జరుగుతుందో చెప్తాను. ప్రొజెక్టర్ మీద ఎక్సెల్ షీట్ ఉంటుంది. ఒక్కో వరస ఒక్కో మనిషి: పేరు, బ్యాండ్ (ఉద్యోగ స్థాయి), పోయినేడాది రేటింగ్, ఈ ఏడాది మేనేజర్ ప్రతిపాదించిన రేటింగ్, పక్కన ఒక లైను రిమార్క్. మనిషికి రెండు మూడు నిమిషాలు కూడా దక్కవు. పై రేటింగులు ఇంతమందికే ఇవ్వాలని ముందే లెక్క ఉంటుంది కాబట్టి, ఒకరికి ఇస్తే ఇంకొకరికి తగ్గించాలి. మీలాంటి వాళ్ల వరస వచ్చేసరికి మేనేజర్ అంటాడు, "ఈవిడ ఆర్నెల్లు లీవ్‌లో ఉంది కదా, మిడిల్‌లో పెట్టేద్దాం." అందరూ తలూపుతారు. కింది వరసకి వెళ్లిపోతారు. అంతే, ఒక ఏడాది అయిపోయింది.

అదే గదిలో ఇంకో అరగంటకి కొత్త ప్రాజెక్టుకి లీడ్ ఎవరన్న మాట వస్తుంది. మీ పేరు వస్తుంది, రాకపోదు. వెంటనే ఎవరో ఒక పెద్దమనిషి, "పాపం, పాప చిన్నది కదండీ, రాత్రి కాల్స్ ఉంటాయి, ఎందుకు టెన్షన్ పెట్టడం" అంటాడు. ఆయన మనస్ఫూర్తిగానే అంటాడు. మిమ్మల్ని ఎవరూ అడగలేదు, మీరు కాదనలేదు, అయినా మీ తరఫున 'కాదు' అనేశారు. ఆ ప్రాజెక్టు ఎవరికి వెళ్తుందో వాళ్లకి వచ్చే ఏడాది ప్రమోషన్‌కి కారణం దొరుకుతుంది. ఆయన ఇంట్లోనూ అదే వయసు పిల్లలు ఉండి ఉంటారు. ఆయన గురించి మాత్రం ఎవరూ అలా అనరు.

కాబట్టి మీ మొదటి పని, ఆ 'కాదు' మీ పేరు మీద పడకుండా చూసుకోవడం. మేనేజర్‌తో వన్ ఆన్ వన్‌లో నేరుగా చెప్పండి: "నేను తిరిగొచ్చి ఇన్నాళ్లయింది. ప్రొడక్షన్‌కి (కస్టమర్లు నిజంగా వాడే సిస్టమ్‌కి) వెళ్లే పని కావాలి. ఆన్‌కాల్ రోస్టర్‌లో (అత్యవసరమైతే ఏ వారం ఎవరు ఫోన్ ఎత్తాలో రాసే పట్టీలో) నా పేరు పెట్టండి. ఫలానా టైములో కుదరదు అంటే నేనే చెప్తాను, మీరు ముందే అనుకోకండి." ఆ సాయంత్రమే ఇదే సంగతిని రెండు లైన్ల మెయిల్‌గా పంపండి. గొడవకి సాక్ష్యంగా కాదు. రేపు గదిలో ఎవరైనా "పాపం" అంటే, "లేదండీ, తనే అడిగింది" అనడానికి మీ మేనేజర్ చేతిలో ఒక కాగితం ఉండాలి.

ఊరికే "మంచి పని ఇవ్వండి" అంటే మాత్రం "చూద్దాం" అన్న జవాబే వస్తుంది. పేరు పెట్టి అడగాలి. నా సంగతి చెప్తాను. మా అబ్బాయి పుట్టాక తిరిగొచ్చినప్పుడు నాకూ మీటింగ్ నోట్సులు, ట్రాకర్ షీట్లు అప్పజెప్పారు. మా టీమ్‌లో నెలాఖరున ఒక బ్యాచ్ జాబ్ (టైముకి దానంతటదే నడిచే ప్రోగ్రామ్) పడిపోయేది. బ్యాంకు నుంచి వచ్చే సెటిల్‌మెంట్ ఫైల్‌ని మా లెడ్జర్‌తో సరిపోల్చడం దాని పని. పడిపోయినప్పుడల్లా ఎవరో రాత్రి లేచి రీస్టార్ట్ చేసేవాళ్లు, రెండోసారి బుద్ధిగా నడిచేది, మళ్లీ నెలాఖరు దాకా దాన్ని ఎవరూ తలుచుకునేవాళ్లు కాదు. ఎవరికీ అక్కర్లేని ఆ జాబ్ నాకివ్వండి అన్నాను. అభ్యంతరం ఎవరికుంటుంది?

పాత లాగ్ ఫైళ్లు తిరగేస్తే సంగతి తెలిసింది. మా జాబ్ ఫైల్ వచ్చిందా అని చూస్తోందే గానీ, పూర్తిగా వచ్చిందా అని చూడట్లేదు. మామూలు రోజుల్లో ఫైల్ చిన్నది, ఇట్టే కాపీ అయిపోతుంది. నెలాఖరున లావాదేవీలు ఎక్కువ, ఫైల్ పెద్దది. అది సగం కాపీ అవుతుండగానే మా జాబ్ తెరిచి చదివేసేది. చివర్లో ట్రైలర్ రికార్డ్ (మొత్తం రికార్డులెన్నో చెప్పే ఆఖరి లైను) వచ్చి, అందులో రాసిన సంఖ్య పైనున్న రికార్డుల లెక్కతో కలిసేదాకా ఆగేలా మార్చాను. కోడ్ పట్టుమని యాభై లైన్లు ఉండదు. నెలాఖరు రాత్రి ఫోన్లు ఆగిపోయాయి. ఆ ఫోన్లు అందుకునే ఆపరేషన్స్ పెద్దాయన ఆ ఏడాది రేటింగుల మీటింగ్‌లో, "ఆ గోల తీర్చింది ఈవిడే" అన్నారట. ఆయన నాకు మెంటర్ కాదు, కాఫీ తాగుతూ కెరీర్ సలహాలిచ్చినవారు కాదు. నేను లేని గదిలో నా పేరెత్తారు. నాకు తర్వాతి బ్యాండ్ వచ్చింది ఆ మాటతోనే.

సలహా ఇచ్చేవాళ్లు ఈ ఊళ్లో కోకొల్లలు. మీ పనిని కళ్లారా చూసి, ఆ రేటింగుల గదిలో నోరు విప్పే మనిషి ఒక్కరు ఉంటే చాలు. ఆ మనిషి ఆడా మగా అన్నది నా అనుభవంలో పెద్ద తేడా చేయలేదు.

చట్టం గురించి కూడా కింద ఎవరో అడిగారు. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో వచ్చిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో కూడిన సెలవు 12 వారాల నుంచి 26 వారాలైంది. 50 మందీ అంతకు పైనా ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలున్నాయి. లీవ్‌లో ఉండగా ఉద్యోగంలోంచి తీసేయడం, సర్వీసు షరతులను నష్టం కలిగేలా మార్చడం కుదరదు. ఇవన్నీ అడిగి తీసుకోండి, మొహమాటం వద్దు. మా పాత ఆఫీసులో 'వెల్‌నెస్ రూమ్' అని బోర్డు ఉండేది. తాళం ఫ్రంట్ డెస్క్‌లో అడగాలి. లోపల సగం దీపావళి లైట్ల దండలు, కాగితం పూలు, చక్రాలూడిన కుర్చీలు. మిగతా సగంలో బ్రెస్ట్ పంప్ పెట్టుకుని కూర్చోవాలి. ప్లగ్ పాయింట్ ఏమో కుర్చీల గుట్ట వెనక! నలుగురం కలిసి మెయిల్ పెడితే వారంలో ఖాళీ చేశారు. ఒక్కదాన్నే అడిగినన్నాళ్లూ "చేయిస్తాం మేడమ్" అనేవాళ్లు.

కానీ మంచి పని ఇవ్వాలని చట్టం ఎవరినీ బలవంతపెట్టదు. పైగా దాని అమరికలోనే ఒక చిక్కుంది. ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా పథకం) పరిధి దాటిన జీతాలకు ఆ 26 వారాల ఖర్చంతా కంపెనీ భరించాల్సిందే, ప్రభుత్వ వాటా లేదు. తండ్రి సంగతి చూస్తే, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల సెలవుంది గానీ ప్రైవేటులో చట్టం ఇచ్చే సెలవంటూ ఏమీ లేదు. అంటే పిల్లలు పుట్టడం కంపెనీ లెక్కల్లో ఆడవాళ్ల పద్దు కిందే పడుతుంది. చిన్న కంపెనీల ఇంటర్వ్యూల్లో "పెళ్లయిందా, పిల్లలా?" అన్న ప్రశ్నలు అక్కణ్నుంచే వస్తాయి. నన్ను అడిగినప్పుడు, "మీ రిలీజులు ఏ టైముల్లో ఉంటాయో చెప్పండి, కుదురుతుందో లేదో నేను చెప్తాను" అనేదాన్ని. కొందరు తగ్గేవారు, కొందరు మొహం మాడ్చుకునేవారు. మాడ్చుకున్న చోట చేరలేదు, దిగులూ లేదు.

ఇంటి విషయం గురించి మీరు రాయలేదు గానీ, అది వదిలేస్తే ఈ జవాబు సగమే. మనవైపు మామూలు ఏర్పాటు మీకు తెలిసిందే, అమ్మ ఆర్నెల్లు, అత్తయ్య ఆర్నెల్లు. ఆ ఏడాది గడిచాక అసలు కథ మొదలవుతుంది. నాన్నకి బాగోలేదని అమ్మ ఊరికి వెళ్లిపోతుంది, ఆయా చెప్పకుండా మానేస్తుంది, సరిగ్గా అదే రోజు రిలీజ్ ఉంటుంది. మా ఇంట్లో నా ఆన్‌కాల్ వారాలను మావారి ఆఫీస్ క్యాలెండర్‌లో కూడా పెట్టించాను. ఆ వారం డే కేర్ నుంచి ఫోనొస్తే ఎత్తాల్సింది ఆయనే. డే కేర్ ఫారంలో మొదటి నంబర్ ఆయనదే రాశాం. అయినా వాళ్లు కొన్నాళ్లు నాకే చేసేవాళ్లు, అలవాటు అలాంటిది. ఆయన్ని అడగమని చెప్పి పెట్టేసేదాన్ని.

రాజీనామా గురించి. ఇప్పుడే వద్దు. అడిగాక ఒక క్వార్టర్ చూడండి. పని మారకపోతే ముందు అదే కంపెనీలో వేరే టీమ్‌కి ట్రై చేయండి, అదీ కాకపోతే బయట. ఆఫర్ చేతికొచ్చాకే పేపర్ పెట్టండి, మూడు నెలల నోటీస్ పీరియడ్ ఉన్న చోట తొందరపడితే మనకే నష్టం. "కొన్నాళ్లు మానేసి మళ్లీ చూద్దాం" అన్న ఆలోచన ఉంటే మాత్రం రెండుసార్లు ఆలోచించండి. విరామం తర్వాత వచ్చే ఆడవాళ్ల కోసం టాటా గ్రూపు 2008లోనే ప్రత్యేకంగా ప్రోగ్రామ్ పెట్టింది, ఆ తర్వాత ఇంకొన్ని పెద్ద కంపెనీలూ మొదలుపెట్టాయి. దారి లేకపోలేదు. కానీ నాతో పనిచేసినవాళ్లలో అలా వెళ్లొచ్చినవాళ్లు ఎక్కువమంది తమ జూనియర్లకి రిపోర్ట్ చేయాల్సి వచ్చింది. ఒంట్లో బాగోలేకో, పిల్లకి అవసరమయ్యో మానేస్తే అది వేరు. ఆఫీసులో విసుగొచ్చి మానేయకండి.

ఇక మీ మేనేజర్ గారి గ్రూప్. మార్చి 8న గులాబీ పువ్వు, కప్ కేక్, ఒక ప్యానెల్ డిస్కషన్, అందులో ఆడవాళ్లను మాత్రమే "ఇల్లూ ఆఫీసూ ఎలా బ్యాలెన్స్ చేస్తున్నారు" అని అడగడం, ఇంతే అయితే మనం అక్కడ కూరలో కరివేపాకులమే. ఆ రోజు స్లైడ్లలో పద్మశ్రీ వారియర్ గారి ఫోటో తప్పకుండా ఉంటుంది. మన విజయవాడలో పుట్టారు కాబట్టి మన దగ్గర చప్పట్లు కాస్త ఎక్కువే. ఆవిడ ఐఐటీ ఢిల్లీలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, 1984లో మోటరోలాలో చేరి, 2003లో అక్కడే సీటీఓ (టెక్నాలజీకి పెద్ద) అయ్యారు, తర్వాత సిస్కోలోనూ అదే పదవి. ఆ రెండు తేదీల మధ్య దాదాపు ఇరవై ఏళ్లు ఒకే కంపెనీలో టెక్నాలజీ పని ఆవిడ చేతికి వస్తూ ఉంటేనే కదా ఆ కుర్చీ దాకా వచ్చారు. ఆ ఇరవై ఏళ్ల గురించి స్లైడ్‌లో ఒక్క ముక్క ఉండదు.

గ్రూప్ పెట్టమనండి, చేరండి కూడా. కానీ మొదటి మీటింగ్‌కే మూడు కాగితాలు తెమ్మనండి: గత ఏడాది ఆన్‌కాల్ రోస్టర్, క్లయింట్‌కి డెమోలు ఎవరెవరు ఇచ్చారో ఆ లిస్టు, లీవ్ నుంచి తిరిగొచ్చినవాళ్లకి మూడు నెలల్లో ఏ పని దక్కిందో ఆ వివరం. మా దగ్గర ఇలా చూస్తే డెమోలన్నీ నలుగురు మగవాళ్ల చుట్టూనే తిరుగుతున్నాయని బయటపడింది. కావాలని ఎవరూ చేయలేదు, రాత్రి ఏడున్నర కాల్‌కి ఎవరుంటే వాళ్లకి ఇచ్చుకుంటూ పోయారు. ఆ టైముకి నాతో సహా సగంమంది ఆడవాళ్లం క్యాబ్‌లో బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ఇరుక్కుని ఉండేవాళ్లం. డెమోను వారానికి ఒకసారి మన పొద్దున, వాళ్ల సాయంత్రం పెట్టమని అడిగితే అమెరికా వాళ్లు ఒక్క మాటకే ఒప్పుకున్నారు. అంతకుముందు ఎవరూ వాళ్లని అడగలేదు. రేటింగుల మీటింగ్‌లో ఇంకో పద్ధతి పెట్టుకున్నాం. లీవ్‌లో ఉన్న మనిషి వరస వచ్చినప్పుడు, ఉన్న నెలల్లో చేసిన పనిని మాత్రమే చూస్తాం, లేని నెలల మాట ఎత్తం. మీ మేనేజర్ నిజంగా ఏదైనా చేద్దామనుకుంటే, దీనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

మీ కంపెనీ రివ్యూలు మార్చితో ముగిసేవైతే, పని అడగాల్సింది ఫిబ్రవరి రాకముందే. ఫిబ్రవరికి ఆ ఎక్సెల్ షీట్‌లో రిమార్కుల కాలమ్ నిండిపోయి ఉంటుంది, అప్పుడు మీ మేనేజర్ ఒప్పుకున్నా పైవాళ్లు కదపనివ్వరు. మెయిల్ రాయడంలో సాయం కావాలంటే కింద అడగండి, నేను పంపిన దాంట్లోంచి పేర్లు తీసేసి పెడతాను.