చెట్టు మొదట్లో మట్టి పోయనివ్వకు

చి. అమ్ములుకి,

పార్కు డిజైను పని నీ చేతికొచ్చిందని మీ అమ్మ చెబితే పొంగిపోయాను. "ముందు నేలంతా చదును చేయిస్తుందట" అన్నాక మాత్రం నిద్ర పట్టలేదు. జేసీబీ దిగేలోపు ఈ ఉత్తరం చదువు.

అరమీటరు కాంటూర్లతో, అంటే అరమీటరు ఎత్తుకొకటి చొప్పున ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలతో, సర్వే చేయించు. గట్టివానలో గొడుగేసుకుని వెళ్ళి, నీళ్ళు పారే దారీ నిలిచే చోటూ మేకులు కొట్టి గుర్తుపెట్టు. పల్లాన్ని పూడ్చకు, వాననీటికి అదే ఇల్లు. బండరాళ్ళ జోలికి పోకు.

ఇక చెట్లు. చదును పేరుతో చంపేది వీటినే. తల్లివేరు సంగతెలా ఉన్నా, నీళ్ళు పీల్చే పీచువేళ్ళు చాలావరకు పై అరమీటరు మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి మరీ పాకుతాయి. వాటి మీద జానెడు మట్టి పోసినా గాలి అందక ఉక్కిరిబిక్కిరవుతాయి. బరువు బండి నాలుగుసార్లు తిరిగితే మట్టి గట్టిపడి అదే గతి. చెట్టు వెంటనే చావదు, అదే మోసం! పచ్చగానే ఉందిగా అంటారు. రెండుమూడేళ్ళకు చిటారుకొమ్మలు ఎండుతాయి. అప్పటికి కాంట్రాక్టరు బిల్లు తీసుకుని వెళ్ళిపోయుంటాడు, పార్కువాళ్ళేమో తెగులనుకుని మందు కొడతారు. మొదలు చూస్తే తెలిసిపోతుంది: బాగున్న చెట్టు నేల దగ్గర ఏనుగు పాదంలా విచ్చుకుంటుంది, పూడిన చెట్టు పాతిన కరెంటు స్తంభంలా నిలబడుతుంది.

అందుకని టేపు పట్టుకో. నేలనుంచి 1.4 మీటర్ల ఎత్తున కాండం చుట్టుకొలత తీసి, దానికి నాలుగు రెట్ల దూరంలో చుట్టూ కంచె వేయించు. చుట్టుకొలత 190 సెంటీమీటర్లయితే కంచె 7.6 మీటర్ల అవతల. రిబ్బను కట్టి ఊరుకున్నావో, దాన్ని ఎత్తిపట్టుకుని లారీ పోనిస్తారు. ఇనుప కంచే కావాలి, అదీ మొదటి బండి రాకముందే. లోపల ఇసుక కుప్ప వద్దు, సిమెంటు తట్టలు కడగడం వద్దు, పైపు కందకం అసలే వద్దు.

నడకదారి అటుగా పోక తప్పకపోతే తవ్వకుండా, నేల మీదే నీరింకే కంకర పరిపించు. రోలరు ఎక్కించనివ్వకు. వాలు 20కి 1 (ఇరవై మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు) దాటకుండా కాంటూరు వెంబడే వంపు తిప్పితే చక్రాల కుర్చీ కూడా సాఫీగా పోతుంది.

విసుక్కోకు తల్లీ. కంచె వేశాక ఫొటో పంపు. వానలో గొడుగు మరిచిపోకు, నీకసలే జలుబు ఇట్టే పట్టేస్తుంది.

మీ పెదనాన్న