దిగి వచ్చాక ఏం చేస్తుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. వ్యోమగామి అవుతానంటుంది. ఈమధ్య ఫోన్లో రష్యన్ పాఠాలు వింటోంది. "లెక్కలు చేసుకోక ఈ భాషెందుకు? పైకి వెళ్లినా పదిరోజులే కదా, దిగొచ్చాక ఏం చేస్తుంది?" అంటారు మా బావగారు. మీరు నేవీలో చేశారు కాబట్టి అడుగుతున్నాను.
— ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, పాపని రష్యన్ మాత్రం మానిపించకండి.

మన విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కుర్సురా లాంటి సబ్‌మెరైన్‌లోనే నేనూ పనిచేశాను. సోవియట్ వాళ్లు కట్టింది కదా, మా వాల్వుల మీద రేకులు రష్యన్‌లోనే ఉండేవి. 'అత్క్రీతొ' అంటే తెరిచి ఉంది. 'జక్రీతొ' అంటే మూసి ఉంది. మొదలొక్కటే తేడా, మిగతాదంతా ఒకటే. మసక వెలుతురులో రేకు మీద వేలు పెట్టి, పైకి చదివి, అప్పుడు గాని వాల్వు తిప్పేవాణ్ణి కాదు. ఎదుటివాళ్ల భాష ప్రాణాలు నిలుపుతుందని నాకు అక్కడే తెలిసింది.

బావగారికి టామ్ స్టాఫర్డ్ గురించి చెప్పండి. 1975 జులై 17న అమెరికా అపోలో, సోవియట్ సోయుజ్ అంతరిక్షంలో కలిశాయి. అటు స్టాఫర్డ్, ఇటు అలెక్సీ లియొనోవ్ కమాండర్లు. అమెరికన్లు రష్యన్‌లో, రష్యన్లు ఇంగ్లిష్‌లో మాట్లాడాలని ఏర్పాటు. పరాయి భాషలో మాట్లాడేవాడు నిదానంగా, చిన్న మాటల్లో చెబుతాడు. వినేవాడికి అది సొంత భాష, ఇట్టే అందుతుంది. స్టాఫర్డ్ రష్యన్‌లో ఆయన సొంత రాష్ట్రం ఓక్లహోమా యాస వినబడేదని లియొనోవ్ ఆటపట్టించేవారు.

సబ్‌మెరైన్ మనిషిని కాబట్టి గాలి సంగతీ చెప్పాలి. అపోలోలో తక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్ ఒక్కటే ఉండేది. సోయుజ్‌లో మనం పీల్చే లాంటి గాలి. తలుపు తీసి నేరుగా దాటితే ప్రమాదం. అందుకని మధ్యలో ఒక గది పెట్టారు, అక్కడ ఆగి ఒత్తిడి సరిచేసుకుని దాటాలి. సోయుజ్ వాళ్లు తమ ఒత్తిడి కొంత తగ్గించుకున్నారు కూడా. రెండు నౌకల్నీ కలిపే రింగునైతే, ఏ నౌక ముందుకొచ్చి పట్టుకున్నా కుదిరేలా తయారుచేశారు. దౌత్యం అంటే నాకు ఆ గది, ఆ రింగు కళ్ల ముందుకొస్తాయి.

ఇక దిగొచ్చాక? 1990ల్లో అమెరికా షటిల్ నౌక రష్యా వాళ్ల మీర్ అంతరిక్ష కేంద్రానికి వెళ్లే పనినీ, తర్వాత అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్నీ పరిశీలించే బృందానికి స్టాఫర్డే పెద్ద. ఆయన రష్యా నుంచి ఇద్దరు పిల్లల్ని దత్తత తీసుకున్నప్పుడు లియొనోవ్ సాయం చేశారు. 2019లో లియొనోవ్ పోతే, 89 ఏళ్ల వయసులో వెళ్లి అంత్యక్రియల్లో మాట్లాడారు. నేనెక్కడ చెప్పినా ఇక్కడికొచ్చేసరికి గొంతు పట్టేస్తుంది.

ఈయనొక్కరే కాదు. చంద్రుణ్ణి చుట్టొచ్చిన విలియం ఆండర్స్ 1976లో నార్వేకి రాయబారి అయ్యారు. 1994లో రష్యన్ వ్యోమగామి క్రికల్యోవ్‌ని షటిల్‌లో తీసుకెళ్లిన ఛార్లెస్ బోల్డెన్, 2009 నుంచి 2017 దాకా నాసా అధిపతి. 1967 అంతరిక్ష ఒప్పందమైతే వ్యోమగాముల్ని మానవజాతి దూతలనే అంది.

మన రాకేశ్ శర్మ గారు 1984లో పైన ఉన్నది ఎనిమిది రోజుల లోపే. దానికోసం మాస్కో దగ్గర స్టార్ సిటీలో ఏడాదికి పైగా శిక్షణ, రష్యన్ సహా. మన దేశమే మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్‌కి ఎంపికైన నలుగురూ రష్యాలో శిక్షణ పొందినవాళ్లే. వాళ్లలో శుభాంశు శుక్లా 2025లో అమెరికా, పోలండ్, హంగరీ వాళ్లతో కలిసి అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చారు.

లెక్కల విషయంలో మాత్రం బావగారి మాట నిజం. ఆ నలుగురూ వాయుసేన టెస్ట్ పైలట్లు. లెక్కలు, ఫిజిక్స్ వదిలితే ఆ దారి మూసుకున్నట్టే. సైనిక అధికారులకు శిక్షణ ఇచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లోకి 2022 నుంచి ఆడపిల్లల్నీ తీసుకుంటున్నారు, ఆ పరీక్ష సంగతి ఇప్పుడే కనుక్కోండి. గగన్‌యాన్ క్యాప్సూల్‌ని సముద్రంలోంచి ఓడలోకి చేర్చే పరీక్ష 2024 డిసెంబర్ 6న మన విశాఖ తీరం దగ్గరే జరిగిందని కూడా పాపకి చెప్పండి.

భాష వినడంతో సరిపెట్టొద్దనండి, పైకి పలకాలి. 'అత్క్రీతొ'లో ఆ 'క్రీ' మన 'ఈ' కాదు, నాలుక కాస్త వెనక్కి లాగి పలకాలి. నాకది కుదరడానికి రెండు నెలలు పట్టింది.