బాలనేరస్థుల మీద వచ్చిన స్కాండినేవియన్ క్రైమ్ సినిమాల్లో తప్పక చూడాల్సింది ఏది?

రక్తమే కావాలంటే డేనిష్ సినిమాలు బోలెడున్నాయి. నన్నడిగితే రూబెన్ ఓస్ట్‌లుండ్ తీసిన స్వీడిష్ సినిమా 'ప్లే' (2011) ముందు చూడండి. కత్తి లేదు, తుపాకీ లేదు. అయినా మధ్యలో లేచెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాను.

కథ జరిగేది స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌ నగరంలో. ఉద్యోగరీత్యా నేనుండేదీ అక్కడే. ఐదుగురు నల్లజాతి పిల్లలు మాల్‌లో తమ ఈడు వాళ్ళని ఆపి టైమెంతని అడుగుతారు. ఫోన్ బయటికి తీయగానే, ఇది మా తమ్ముడి దగ్గర కొట్టేసిన ఫోనే, దాని మీద పడ్డ గీత కూడా అలాగే ఉంది, పదండి వాడికే చూపిద్దాం అంటారు. అంతే, ముగ్గురు పిల్లలు వాళ్ళ వెనకాలే ఊరంతా తిరుగుతారు. ఈ ఎత్తు కల్పన కాదు. 2006-08 మధ్య ఇదే ఊళ్ళో పిల్లలు పిల్లల్ని ఇలాగే దోచుకున్నారు.

అమ్మానాన్న ఇక్కడికొచ్చినప్పుడు చూపించాను. నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. కాసేపటికే "ఒరేయ్, అరవొచ్చుగా! చుట్టూ అంతమంది జనం!" అని టీవీ మీద కేకలు. అమ్మ చిక్కుళ్ళు వలుస్తూనే, "తాము దొంగలం కాదని రుజువు చేసుకోవడానికేగా వెళ్తున్నారు" అంది. చేతిలో ఆయుధం లేకుండా దోపిడీ ఎలా సాగిందో అర్థం కావాలంటే ఆ ఒక్క ముక్క చాలు. ఆ ముగ్గురూ అన్నీ పోగొట్టుకుని ట్రామెక్కితే, టికెట్ లేదని తనిఖీవాళ్ళు జరిమానా వేస్తారు. నాన్నకి అక్కడ నవ్వాగలేదు. నాకు రాలేదు. ఫోన్ ఛార్జింగ్ అయిపోయి టికెట్ చూపించలేక నేనూ ఈ తనిఖీవాళ్ళ చేతిలో పడ్డాను, బతిమాలినా వినరు.

లోపాల్లేవా అంటే, ఉన్నాయి. రైల్లో ఎవరో వదిలేసిన చెక్క ఉయ్యాల గురించి సిబ్బంది పదే పదే అనౌన్స్ చేసే ముక్క కథలో ఎందుకుందో ఆ దర్శకుడికే ఎరుక. దొంగలందరినీ నల్లవాళ్ళుగా చూపించాడని స్వీడన్‌లో పెద్ద రభసే అయింది. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ మన సినిమాల్లో చూడండి, బాలహీరో రౌడీని పొడవగానే స్లోమోషన్, ఈలలు, ఆ రక్తపు చెయ్యి మీదే పెద్ద హీరోకి కట్! దాన్ని మాత్రం ఎవరూ తప్పుపట్టరు.

చివర్లో ఒక తండ్రి ఆ దొంగపిల్లల్లో ఒకణ్ణి పట్టుకుని ఫోన్ లాక్కుంటాడు. అటుగా వెళ్తున్న ఆవిడ అడ్డుపడి నిలదీస్తుంది. ఆ సీను మీద మా ఇంట్లో రాత్రి భోజనాల దాకా గొడవే. నాన్న ఆ తండ్రి పార్టీ, అమ్మ ఆవిడ పార్టీ. నా ఓటు అమ్మకే.