టెక్ సందేహాలు: ఓడించింది బాసా, మీ టీవీయా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ మొదటి ఏడాది. సెలవులకు ఇంటికొచ్చి, రోజూ రాత్రి లాప్‌టాప్‌లో పాత కార్టూన్ సినిమాలా ఉండే ఆట ఒకటి ఆడుతున్నాడు. ఒక పువ్వు రాక్షసుడి చేతిలో ఓడిపోతాడు, అరుస్తాడు, టేబుల్ గుద్దుతాడు, మళ్లీ మొదలుపెడతాడు. నిన్న లెక్కపెట్టాను, గంటలో 31 సార్లు ఓడిపోయాడు. డబ్బిచ్చి కొనుక్కుని మరీ ఈ ఏడుపేమిటండీ? (ఒక తల్లి, రాజమండ్రి)

జవాబు: మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి ఆ ఆట కప్‌హెడ్, ఆ పువ్వు పేరు కాగ్నీ కార్నేషన్. ముందుగా ఒక మాట. ఆ పువ్వు చేతిలో నేనూ చాలా సాయంత్రాలు పోగొట్టుకున్నాను. కాబట్టి నా జవాబులో కాస్త పక్షపాతం ఉంటుంది, క్షమించాలి.

కెనడాలో చాడ్, జారెడ్ మోల్డెన్‌హావర్ అనే అన్నదమ్ముల స్టూడియో ఎండీహెచ్ఆర్ 2017 సెప్టెంబరులో ఈ ఆటను విడుదల చేసింది. 1930ల నాటి అమెరికా కార్టూన్ల పద్ధతిలో పాత్రల బొమ్మల్ని కాగితం మీద చేత్తో గీసి కదిలించారు. ఆటలో ఎక్కువ భాగం బాస్‌లతో, అంటే పెద్ద శత్రువులతో ముఖాముఖి పోరాటాలే. మామూలుగా మూడు దెబ్బలు తింటే ఆట ముగుస్తుంది. గెలిచినా ఓడినా ఒక పోరాటం రెండు మూడు నిమిషాల్లో తేలిపోతుంది.

అసలు కిటుకు ఓడిపోయాక కనిపించే తెరలో ఉంది. ఈసారి మీవాడు ఓడిపోయినప్పుడు వెనక నిలబడి చూడండి. బాస్ బొమ్మ, దాని కింద ఒక వెటకారం డైలాగు, ఆ కింద ఒక గీత, గీత చివర జెండా. ఆ గీత మీద చిన్న బొమ్మ పరుగెత్తి, మీవాడు ఎంతవరకు వెళ్లాడో అక్కడ ఆగుతుంది. పోరాటం జరుగుతున్నంతసేపూ బాస్‌కి ఇంకెంత ప్రాణం మిగిలిందో ఆట చెప్పదు. ఓడిపోయాకే చెబుతుంది. జెండాకి బెత్తెడు దూరంలో ఆగిపోయిన బొమ్మను చూశాక లేచి వెళ్లి పడుకోవడం ఎవరి వల్ల అవుతుంది? పైగా ఒక్క బటన్ నొక్కితే పోరాటం మళ్లీ మొదలు.

ఇక ఆ పువ్వు సంగతి. మొదటిసారి చూస్తే అంతా గందరగోళం. తల సాగదీసి మీదికొస్తుంది, విత్తనాలు పైకి పేల్చి వానలా కురిపిస్తుంది, నేలంతా ముళ్లతీగలతో నింపేస్తుంది. పదోసారికి వేరే సంగతి కనిపించడం మొదలవుతుంది. తల సాగదీసే ముందు మొహం మారుతుంది. చివరి దశలో తీగ పైకి దూసుకొచ్చే ముందు మనం నిలబడ్డ చోట చిన్న మొలక కనిపిస్తుంది. అంటే ప్రతి దెబ్బకీ ముందు ఒక హెచ్చరిక ఉంది, మనమే చూడలేదు. 'అన్యాయం' అనుకుంటూ ఓడిపోయిన మనిషి 'అరె, నాదే తప్పు' అనుకుంటూ ఓడిపోవడం మొదలుపెట్టిన క్షణం నుంచి ఈ పిచ్చి పట్టుకుంటుంది. నాకైతే చిన్నప్పుడు ఎక్కాలు వల్లెవేసిన రోజులు గుర్తొచ్చాయి. పదిహేడో ఎక్కం దగ్గర ఆగిపోయి, మళ్లీ మొదటికొచ్చి, ఒకరోజు ఉన్నట్టుండి గడగడా అప్పజెప్పేయడం.

మీ తరంలోనూ ఇది లేకపోలేదు. టీవీకి తగిలించే క్యాసెట్ వీడియోగేముల్లో కాంట్రా గుర్తుందా? మీ తమ్ముళ్లనో మరుదులనో అడగండి. మూడు ప్రాణాలు, ఒక్క తూటా తగిలితే ఒకటి పోయినట్టే. 30 ప్రాణాలిచ్చే రహస్య కోడ్ మాత్రం వీధిలో పిల్లలందరికీ వచ్చు! ఆనాటి ఆటలు అంత కఠినంగా ఉండటానికి కారణాల్లో వ్యాపారమూ ఉంది. ఆర్కేడ్‌లో పిల్లాడు త్వరగా ఓడిపోతేనే ఇంకో నాణెం పడుతుంది. ఇంటి క్యాసెట్‌లో పట్టే ఆట చాలా చిన్నది, తేలిగ్గా ఉంటే ఒక్క పూటలో అయిపోతుంది. ఇప్పటి రెట్రో తరహా ఆటలు ఆ కాఠిన్యాన్ని ఉంచుకుని, ఓడిన ప్రతిసారీ మొదటి స్టేజీకి పంపే శిక్షను తీసేశాయి. 2014లో వచ్చిన షవల్ నైట్ చూడండి. చచ్చిపోతే ప్రాణాలు తగ్గవు, మన బంగారంలో కొంత అక్కడ పడిపోతుంది. వెనక్కి వెళ్లి ఏరుకోవచ్చు. ధైర్యముంటే మధ్యలో ఉండే చెక్‌పాయింట్‌ని, అంటే చచ్చాక మళ్లీ మొదలయ్యే చోటుని, మనమే పగలగొట్టి అదనంగా డబ్బు తీసుకోవచ్చు. ఆశపడ్డామా, చచ్చాక ఇంకా వెనక నుంచి రావాలి.

నాకు అన్నిటికన్నా నచ్చిన పోరాటం ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కి చెందిన టీమ్ చెర్రీ 2017లో తెచ్చిన హాలో నైట్‌లో ఉంది. మాంటిస్ లార్డ్స్ అనే ముగ్గురు యోధులు సింహాసనాల మీద కూర్చుని ఉంటారు. మనం ఎదురుగా నిలబడి సవాలు చేస్తే ముందు ఒకరు దిగుతారు. వారిని ఓడిస్తే మిగతా ఇద్దరూ కలిసి దిగుతారు. కొత్త విద్యలేమీ ఉండవు. నేర్చుకున్నవే, ఇద్దరి నుంచి వస్తాయి. ప్రాణం నింపుకోవాలంటే కాసేపు కదలకుండా నిలబడాలి, ఆ కాసేపు దొరకడమే కష్టం. గెలిచాక వాళ్లు మనకి తలవంచి నమస్కరిస్తారు. బయటికొస్తే, అప్పటిదాకా కనబడగానే మీదికి దూకిన ఆ ఊరి మాంటిస్‌లు (వాళ్ల జాతివాళ్లే) కూడా మన జోలికి రావు. ఏ బంగారు నాణేలూ ఇవ్వలేని తృప్తి అది.

కష్టంగా ఉన్న ప్రతి ఆటా గొప్పదేనని మాత్రం అనను. ఇదే స్టూడియో నుంచి 2025 సెప్టెంబరులో సిల్క్‌సాంగ్ వచ్చినప్పుడు, మొదట్లోనే మరీ కష్టంగా ఉందని గొడవ లేచింది. తొలి అప్‌డేట్‌లోనే మొదటి భాగంలోని ఇద్దరు బాస్‌లను కాస్త మెత్తబరిచారు. ఆ ఇద్దరూ కాక, ఆ ఆటలో లాస్ట్ జడ్జ్ అనే బాస్ ఉంది. ఓడిన ప్రతిసారీ దాని దగ్గరికి చేరడానికే ఎగురుతూ దూకుతూ చాలా దూరం రావాలి. ఆ మహాతల్లి చచ్చేటప్పుడు కూడా పేలి మనల్ని పట్టుకుపోగలదు. పేలుడు సంగతి సరే, నవ్వుకోవచ్చు. ఆ నడక మాత్రం నా దృష్టిలో కష్టం కాదు, టైమ్ వేస్ట్.

మీవాడి విషయానికొస్తే, రాత్రి రెండింటిదాకా ఆడి పొద్దున లేవకపోతే అది వేరే సంగతి, గట్టిగానే చెప్పండి. లేదంటే, 'గెలిచావా?' అని కాకుండా 'ఈసారి గీత మీద ఎంతదాకా వెళ్లావురా?' అని అడిగి చూడండి. అరగంట వదలడు మిమ్మల్ని.

ప్రశ్న: కప్‌హెడ్ లాప్‌టాప్‌లో బాగానే ఆడుతున్నాను. హాల్లో పెద్ద టీవీకి కలిపితే మాత్రం, కచ్చితంగా సమయానికే జంప్ నొక్కినా దెబ్బ తింటున్నాను. నా భ్రమా? (డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)

జవాబు: భ్రమ కాదు. ఇలాంటి ఆటలతో మన ఒప్పందం ఒక్కటే: తప్పు మనదైతేనే దెబ్బ తగలాలి. టీవీ ఆ ఒప్పందాన్ని చెడగొడుతోంది. సినిమా నున్నగా, రంగులు మెరిసేలా కనిపించడానికి టీవీ ప్రతి ఫ్రేమునూ, అంటే తెర మీద మారే ఒక్కో బొమ్మనూ, కాసేపు తన దగ్గర ఉంచుకుని దిద్దుతుంది. సెకనుకు 60 ఫ్రేములు నడిచే ఆటలో ఒక్కో ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు. టీవీ 100 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే మీరు ఆరు ఫ్రేముల కిందటి పువ్వుతో పోరాడుతున్నట్టు.

టీవీ పిక్చర్ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. కొన్ని టీవీల్లో ఇది ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకి విడిగా ఉంటుంది, మీరు వాడే పోర్టుకే ఆన్ అయిందో లేదో చూసుకోండి. నేను ఒకసారి వారం రోజులు వేరే పోర్టుకి గేమ్ మోడ్ పెట్టుకుని తిట్టుకున్నాను. శబ్దం బ్లూటూత్ స్పీకర్‌లో వస్తుంటే అదీ ఆలస్యమే, టీవీ స్పీకరో వైరున్న హెడ్‌ఫోనో వాడండి. దాడికి ముందు అరుపుతో హెచ్చరించే బాస్‌లుంటారు, హాలో నైట్‌లో హార్నెట్ అలాంటిదే. ఆ అరుపు ఆలస్యమైతే పని అయిపోయినట్టే.

ఎంత ఆలస్యమో కొలవాలనుంటే, ఫోన్ కెమెరాలో 240 ఫ్రేముల స్లోమోషన్ పెట్టి, మీ బొటనవేలూ తెరా రెండూ కనబడేలా తీయండి. బటన్ నొక్కినప్పటి నుంచి బొమ్మ ఎగిరేదాకా ఫ్రేములు లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు. లాప్‌టాప్‌కీ టీవీకీ తీసి పోల్చితే తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: సరిగ్గా పోరాటం మధ్యలో విండోస్ ఏదో బాక్స్ తెరిచి 'స్టికీ కీస్ కావాలా' అని అడుగుతోంది. ఇంకోటి, బాణం గుర్తు కీతోపాటు మరో రెండు నొక్కితే ఒకటి పనిచేయడం లేదు. (గుంటూరు)

జవాబు: షిఫ్ట్‌ను వరసగా ఐదుసార్లు నొక్కితే స్టికీ కీస్ బాక్స్ వస్తుంది. కప్‌హెడ్‌లో ముందుకు దూసుకుపోయే డ్యాష్ మొదట్నుంచీ షిఫ్ట్ మీదే ఉంటుంది. కంగారులో ఐదుసార్లు నొక్కనివారెవరు? విండోస్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డ్ తెరిచి, స్టికీ కీస్ షార్ట్‌కట్‌ను ఆపేయండి.

రెండోది గోస్టింగ్ సమస్య. చవక కీబోర్డుల్లో కీలన్నీ అడ్డు నిలువు వరసల వైర్లను పంచుకుంటాయి. కొన్ని మూడు కీల కలయికల్లో ఏది నొక్కారో దానికే తేలక, ఒకదాన్ని వదిలేస్తుంది. ఆట సెట్టింగ్స్‌లో కాల్చే కీని మార్చి చూడండి, చాలాసార్లు అంతటితో పోతుంది. పోకపోతే వైరున్న గేమ్‌ప్యాడ్ కొనుక్కోండి.

ప్రశ్న: ఈజీ మోడ్ పెట్టుకుంటే సిగ్గుచేటా? (హైదరాబాద్)

జవాబు: ఎందుకండీ సిగ్గు? 2018లో వచ్చిన సెలెస్ట్ అనే ఆటలో అసిస్ట్ మోడ్ ఉంది. దాంతో ఆట నడిచే వేగాన్ని తగ్గించుకోవచ్చు, అసలు చావే లేకుండా కూడా పెట్టుకోవచ్చు. కప్‌హెడ్ మాత్రం ఈ విషయంలో పిసినారి. సింపుల్ మోడ్‌లో గెలిస్తే, బాస్‌ని ఓడించినందుకు దొరకాల్సిన ఒప్పందపత్రం చేతికి రాదు, అవి అన్నీ లేకుండా చివరి పోరాటాలకు వెళ్లలేరు. అది నాకు నచ్చదు. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొని నచ్చకపోతే, కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపైతే డబ్బు వెనక్కి అడగొచ్చు. మొదటి బాస్ దగ్గరే ఆ రెండు గంటలూ అయిపోకుండా చూసుకోండి!