ట్రేలకి మూత బిగించకు, బుజ్జీ

బుజ్జీ,

నువ్వు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి అంబాజీపేటలో షెడ్డు అద్దెకి చూస్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. ఊరుకోమని దానికి చెప్పి నేను అరుగు మీద కూర్చుని నవ్వుకున్నాను. రాత్రి మాత్రం నాకూ నిద్ర పట్టలేదు. కొబ్బరి నీళ్లలో పులుపు బాక్టీరియాని పెంచి సెల్యులోజ్ అనే పీచు పదార్థం తీస్తానని మనింట్లో ముందు బయల్దేరింది నేనే కదా.

తేలికైనవి చెప్పేస్తాను. కాయ కొట్టిన పూటే నీళ్లు తెచ్చుకుని, వడకట్టి మరిగించు. లీటరుకి 100 గ్రాముల పంచదార, కాస్త తినే రకం అమ్మోనియం సల్ఫేట్, పీహెచ్ 4, 5 మధ్యకి వచ్చేలా పులుపు. చల్లారాక పదోవంతు సీడు, అంటే పెరుగుకి తోడులా ముందే బాక్టీరియా పెంచి ఉంచుకున్న నీళ్లు. 28 నుంచి 30 డిగ్రీల వేడి. ఎమ్మెస్సీ చదివినదానివి, బీకాం వాడి దగ్గర ఇవి నేర్చుకోనక్కర్లేదు.

నా తప్పు మాత్రం పూర్తిగా విను. 1996 నవంబరు తుఫానుకి తోటలో సగం చెట్లు పడిపోయాయి. మిగిలిన చెట్ల కాయల నీళ్లు కాలవలోకి వదలబుద్ధి కాలేదు. ఫిలిప్పీన్స్ వాళ్లు ఆ నీళ్లతోనే నాటా డి కోకో అనే జెల్లీ చేస్తారని చదివి, వెనక వసారాలో నలభై ట్రేలు పెట్టాను. రెండో రోజుకే పులుపు వాసనకి సన్న ఈగలు ముసిరాయి. ఒక ట్రేలో పురుగు కనబడేసరికి టెన్షన్‌తో కాళ్లూ చేతులూ ఆడలేదు. అమలాపురం పరిగెత్తి పాలిథిన్ షీటు తెచ్చి, పురికొసతో గాలి చొరకుండా బిగించాను. చివరి ట్రేకి షీటు చాలక మీ అత్తయ్య నా పాత పంచె ముక్క వాసెన కట్టింది.

ఎనిమిదో రోజు విప్పితే నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. పైన ఏదో సన్నటి తెర, వేలు తగిలితే చిరిగింది. సీడు చచ్చిందనుకుని ముప్పై తొమ్మిది ట్రేలూ పారబోశాను. కోపంలో సీసాలో దాచిన సీడు కూడా. నలభయ్యోది ఎత్తబోతే బరువుగా ఊగింది. పంచె తీస్తే తెల్లటి నున్నటి పలక, వేలెడు మందం! బొటనవేలితో నొక్కితే దిగి, మళ్లీ లేచింది. "ఆవకాయ జాడీకి గుడ్డ కడతాం గానీ ప్లాస్టిక్ కడతామా?" అంది అత్తయ్య. ఇరవై ఏళ్లు దాటినా ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

1886లోనే ఏడ్రియన్ బ్రౌన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఈ బాక్టీరియా సంగతి రాశాడు. పంచదారని సన్నటి దారంలా వడికి బయటికి వదులుతుంది, ఆ దారాలు అల్లుకుని పలకవుతాయి. గాలి లేకపోతే అది వడకదు. ట్రే కదిపితే పొర మునిగి, పైన ఇంకోటి మొదలై, పలక పొరలుగా విడిపోతుంది. చిన్నప్పుడు విత్తనం నాటి మొలకొచ్చిందా అని రోజూ తవ్వి చూసేదానివి, అందుకే చెబుతున్నాను. సీడు మూడు చోట్ల దాచు. ఒక సీసా మా ఫ్రిజ్‌లో పెడతాను.

గాయాల మీద వేసే పట్టీలు చేస్తానన్నావట. బ్రెజిల్‌లో 1980ల నుంచే కాలిన గాయాలకి ఈ పొర వాడారు, నిజమే. కానీ దానికి స్టెరిలైజేషన్, పరీక్షలు, లైసెన్సులు కావాలి. ముందు జెల్లీ అమ్మి షెడ్డు అద్దె తెచ్చుకో. పట్టీల కోసం పొరని కాస్టిక్ సోడాలో మరిగించే రోజున కళ్లద్దాలు లేకుండా దాని దగ్గరికి వెళ్లావో, నేనే వచ్చి షెడ్డుకి తాళం వేస్తాను. మా వీధిలో సబ్బులు చేసే ఆయనకి ఒక్క చుక్కతో కన్ను పోయింది. ఆ కేక నేను విన్నాను తల్లీ.

షెడ్డు నేల రోడ్డు కంటే ఎత్తుగా ఉందో లేదో వానాకాలం రాకముందే చూసుకో. నాలుగు పాత పంచెలు గంజి పెట్టకుండా ఉతికించాను, ఆదివారం బస్సులో పంపిస్తాను. ట్రేకి ఎంత ముక్క కావాలో అత్తయ్యని అడుగు, నన్నడక్కు.

మామయ్య