ఈఈఈ చదివే అమ్మాయికి ప్లాంటు సైబర్ సెక్యూరిటీలో దారి ఉందా?

ప్రశ్న: నేను సింగరేణి ఉద్యోగిని. మా అమ్మాయి ఈఈఈ మూడో సంవత్సరం చదువుతోంది. పవర్ ప్లాంట్లు, ఫ్యాక్టరీల సైబర్ సెక్యూరిటీలోకి వెళ్తానంటోంది. దానికి కంప్యూటర్ సైన్స్ వాళ్లనే తీసుకుంటారని, ఇప్పుడే ఎథికల్ హ్యాకింగ్ కోర్సులో చేర్పించమని బంధువులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, గోదావరిఖని

జవాబు: ఆ కోర్సుకు ఇప్పుడే ఫీజు కట్టకండి. మీ అమ్మాయి మంచి రంగమే ఎంచుకుంది. అందులో ఈఈఈ ఆమెకు అడ్డు కాదు, అసలు బలమే అది.

ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ సంస్థల మీద దాడి జరిగింది. దుండగులు కొన్ని నెలల ముందే మెయిల్ అటాచ్‌మెంట్లతో ఆఫీసు నెట్‌వర్క్‌లో చొరబడి, పాస్‌వర్డులు కాజేసి, మెల్లగా కంట్రోల్ రూమ్ దాకా చేరారు. ఆ రోజు ఆపరేటర్లు చూస్తుండగానే స్క్రీన్ మీద మౌస్ దానంతట అదే కదులుతూ బ్రేకర్లను, అంటే సబ్‌స్టేషన్లలో సరఫరాను కలిపే, తెంచే స్విచ్‌లను, ఓపెన్ చేసి కరెంటు తీసేసుకుంటూ పోయింది. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. కంట్రోల్ రూమ్ నుంచి మళ్లీ ఆన్ చేయకుండా సబ్‌స్టేషన్లకు ఆదేశాలు చేరవేసే కమ్యూనికేషన్ కన్వర్టర్ల ఫర్మ్‌వేర్‌నూ (పరికరం లోపల ఉండే సాఫ్ట్‌వేర్) పాడుచేశారు. ఫిర్యాదు చేద్దామంటే లైన్ దొరక్కుండా కాల్ సెంటర్‌ను దొంగ కాల్స్‌తో ముంచెత్తారు.

అయినా కొన్ని గంటల్లోనే కరెంటు వచ్చింది. సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లను చేత్తో వేశారు. దాడిని ఆపడం ఒక ఎత్తు, దాడి జరిగాక కూడా ప్లాంటును నడిపించగలగడం ఇంకో ఎత్తు. ఈ రెండో పనికి మనుషులు దొరకడం కష్టం. ఏ ఫీడర్ (కరెంటు పంపిణీ లైను) ముందు వేయాలి, ఏ ఇంటర్‌లాక్‌ను (ప్రమాదకరమైన ఆపరేషన్‌ను అడ్డుకునే ఏర్పాటు) ముట్టుకోకూడదు అన్నది తెలిసినవాళ్లే అది చేయగలరు.

ఆఫీసులో అనుమానం వస్తే కంప్యూటర్ ఆపేసి మళ్లీ ఆన్ చేస్తారు. బాయిలర్ నడుస్తుంటే అది కుదరదు. చాలా ప్లాంట్లలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కోసం కూడా షట్‌డౌన్ దాకా ఆగాల్సిందే. ప్లాంటు పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఇప్పటికీ విరివిగా వాడే మోడ్‌బస్ ప్రోటోకాల్ 1979 నాటిది. అందులో పాస్‌వర్డ్ అన్నదే లేదు. ఆదేశం ఎవరు పంపినా పీఎల్‌సీ (యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటర్) పాటిస్తుంది. 2017లో సౌదీలోని ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో దుండగులు ఏకంగా సేఫ్టీ కంట్రోలర్ల జోలికే వెళ్లారు. ప్రమాదం రాకుండా ప్లాంటును ఆపాల్సిన వ్యవస్థ అది! నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది ఈ కేసే, ఎందుకంటే అక్కడ పోయేది డేటా కాదు, ప్రాణాలు.

ఇక చేయాల్సింది. ఓపెన్‌పీఎల్‌సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ల్యాప్‌టాప్‌లో వేసుకుని, ట్యాంకు నీటిమట్టాన్ని నియంత్రించే చిన్న ప్రోగ్రామ్ రాయమనండి. అది పంపే మోడ్‌బస్ సందేశాలను వైర్‌షార్క్‌లో (నెట్‌వర్క్‌లో వెళ్లే సమాచారాన్ని చూపించే సాఫ్ట్‌వేర్) చూస్తే, వాల్వు తెరవమన్న ఆదేశం ఎంత బట్టబయలుగా వెళ్తుందో తనకే కనిపిస్తుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఇది చాలు. దాంతోపాటు నెట్‌వర్కింగ్ బేసిక్స్ గట్టిగా రావాలి. అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సీసా (CISA) ఈ రంగంలో ఉచితంగా ఆన్‌లైన్ శిక్షణ ఇస్తోంది. పారిశ్రామిక కంట్రోల్ వ్యవస్థల భద్రతకు ఉద్దేశించిన ఐఈసీ 62443 అంతర్జాతీయ ప్రమాణాల గురించి కూడా చదవమనండి, ఇంటర్వ్యూల్లో అడుగుతారు. ఖరీదైన సర్టిఫికెట్లు ఉద్యోగం వచ్చాక, వీలైతే కంపెనీ ఖర్చుతో చేయవచ్చు.

ఒక్క హెచ్చరిక. ఇంటర్న్‌షిప్‌కు రామగుండం ఎన్టీపీసీ లాంటి చోట అవకాశం దొరికితే, నేర్చుకున్నది అక్కడి నెట్‌వర్క్ మీద ప్రయోగించకూడదు. నెట్‌వర్క్‌లో ఏమేం పరికరాలున్నాయో వెతికే మామూలు స్కాన్‌కే పాత పీఎల్‌సీలు హ్యాంగ్ అయిన సందర్భాలున్నాయి. పైగా అనుమతి లేకుండా చేస్తే ఐటీ చట్టం కింద నేరం కావచ్చు.

డిగ్రీ కాగానే సెక్యూరిటీ ఉద్యోగమే కావాలని పట్టుబట్టొద్దు. ఆటోమేషన్, స్కాడా (ప్లాంటును దూరం నుంచి గమనిస్తూ నియంత్రించే వ్యవస్థ), కమిషనింగ్ (కొత్త పరికరాలను పరీక్షించి నడిపించడం) పనుల్లో రెండు మూడేళ్లు చేస్తే ఆ తర్వాత ఈ రంగంలోకి మారడం తేలిక. ఆటోమేషన్ కంపెనీలు, కన్సల్టెన్సీలు ఇలాంటివాళ్లనే వెతుక్కుంటాయి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021లో సైబర్ భద్రత మార్గదర్శకాలు తెచ్చాక విద్యుత్ సంస్థల్లోనూ ఈ పని పెరిగింది. అయితే మొదట్లో సైటు, వేడి, రాత్రి షిఫ్టులు తప్పవు. వాటి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అమ్మాయితో కూర్చుని దాపరికం లేకుండా మాట్లాడండి. ఆ జీవితం నాకిష్టమే అంటే, సైటు ఉద్యోగానికి మీరు అడ్డు చెప్పకండి.